తాపీ ఒకరి చేతిలో, తట్ట ఒకరి నెత్తిన: సెక్స్‌కూ జెండర్‌కూ ఉన్న తేడా

చెన్నై శివార్లలో లేచే అపార్ట్‌మెంట్ల పనుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు చాలా కనిపిస్తాయి. 2014 జూన్‌లో మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వాళ్లలో ఆ జిల్లాల కూలీలు ఎందరో ఉన్నారు. ఇలాంటి చోట మొగుడూ పెళ్లాం కలిసే పనికి వెళ్తారు, కానీ ఒకే పని చేయరు. తాపీ మగవాడి చేతిలో ఉంటుంది. ఇసుక జల్లించడం, మాలు అందించడం, ఇటుకల తట్ట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కడం ఆడమనిషి వంతు. సాయంత్రం కూలి లెక్క దగ్గర మేస్త్రీకి ఎక్కువ వస్తుంది, మోసినామెకు తక్కువ వస్తుంది. ఎందుకని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: గోడ కట్టడం కష్టమైన పని, ఆడవాళ్ల వల్ల కాదు.

ఆ రెండు పనుల్లో బరువు ఎవరి మీద ఉందో చూడడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. తాపీ బరువు ఎంత, ఇటుకల తట్ట బరువు ఎంత? శరీర బలమే పని పంచి ఉంటే తట్ట మగవాడి నెత్తిన, తాపీ ఆడదాని చేతిలో ఉండాలి. అలా లేదు. అంటే ఆ పంపకాన్ని శరీరం చేయలేదు, శరీరం పేరు చెప్పి ఇంకెవరో చేశారు. సెక్స్‌కూ జెండర్‌కూ మధ్య తేడా తెలుసుకోవడం ఎందుకు అవసరమంటే, శరీరం మీదికి నెట్టేసిన ఇలాంటి పంపకాలు మన చుట్టూ చాలా ఉన్నాయి కాబట్టి. వాటి ఖరీదు రోజూ ఎవరో ఒకరు చెల్లిస్తూనే ఉన్నారు.

సెక్స్ అంటే శారీరక లింగం: క్రోమోజోములు, బీజకోశాలు, హార్మోన్లు, పునరుత్పత్తి అవయవాలు. జెండర్ అంటే, ఆ శరీరాన్ని చూసి సమాజం తగిలించే పనులు, హక్కులు, బట్టలు, నడక, మాట తీరు, ఆశలు, భయాలు. ఈ రెంటినీ విడదీసి మాట్లాడటం మరీ పాతదేమీ కాదు. 1955లో జాన్ మనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జెండర్ పాత్ర అనే మాటను వైద్య రచనల్లో వాడారు. 1972లో బ్రిటన్ సమాజ శాస్త్రవేత్త ఆన్ ఓక్లీ ఈ తేడాను సమాజ అధ్యయనంలోకి గట్టిగా తెచ్చారు. పేరు కొత్తదే గాని, అది చూపించే విషయం పాతదే.

శరీరం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది కూడా మనం అనుకున్నంత సూటిగా ఉండదు. గర్భంలో పిండానికి మొదటి ఆరు వారాల దాకా ఆడా మగా తేడా బయటపడదు. ఆ తర్వాత వై క్రోమోజోము మీద ఉండే ఎస్ఆర్‌వై అనే జన్యువు పనిచేయడం మొదలైతే బీజకోశాలు వృషణాలుగా తయారవుతాయి, అది లేకపోతే అండాశయాలుగా తయారవుతాయి. శాస్త్రవేత్తలు ఈ జన్యువును గుర్తించింది 1990లోనే. చాలామందిలో ఈ వరుస అంతా ఒకే దారిలో సాగుతుంది. కొద్దిమందిలో సాగదు. కొందరిలో ఎక్స్‌వై క్రోమోజోములున్నా శరీరం టెస్టోస్టిరాన్‌కు స్పందించదు, పుట్టుకతో ఆడపిల్లలా కనిపిస్తారు, ఆడపిల్లలాగే పెరుగుతారు. కొందరు మగవాళ్లకు ఒక ఎక్స్ అదనంగా ఉంటుంది, ఆ సంగతి చాలాసార్లు పెళ్లై పిల్లలు పుట్టకపోతే గాని తెలియదు. ఇలా ఆడా మగా అనే రెండు గళ్లలో పూర్తిగా ఇమడని శరీరంతో పుట్టినవాళ్లను ఇంటర్‌సెక్స్ అంటున్నాం.

ఇలాంటి బిడ్డ పుడితే ఇంట్లో వాళ్లకు టెన్షన్. బంధువులకు ఏం చెప్పాలి, పేరు ఏం పెట్టాలి? ఆ ఒత్తిడిలో, బిడ్డ ప్రాణానికి ఏ ముప్పూ లేకపోయినా శస్త్రచికిత్స చేయించి ఏదో ఒక గడిలో సర్దేయడం చాలాకాలం మామూలుగా జరిగింది. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి దీన్ని తప్పు పట్టింది. ఆ ఏడాది ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయం ఉంటే తప్ప శిశువులకు అలాంటి ఆపరేషన్లు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. దేశంలో అలా ఆపిన మొదటి రాష్ట్రం అదే. ఆ ఉత్తర్వులో ఉన్న ఆలోచన చాలా విలువైనది. పసిబిడ్డ శరీరానికి అప్పుడప్పుడే కత్తి అవసరం లేదు, అవసరమల్లా చుట్టూ ఉన్న పెద్దవాళ్ల కంగారుది.

అదే తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో ఇటుక బట్టీ కూలీల ఇంట్లో పుట్టిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచింది. లింగ పరీక్ష తర్వాత ఆ పతకం పోయింది. ఆడపిల్లగానే పుట్టి పెరిగిన మనిషి గురించి దేశమంతా టీవీల ముందు కూర్చుని ఆడా మగా అని వాదించుకుంది. ఆటల్లో శరీరం లెక్కలోకి వస్తుంది, దానికి ఏదో ఒక నియమం ఉండాలన్న వాదనలో బలం ఉంది. కానీ పరీక్ష ఫలితాన్ని ఊరేగించడం ఏ ఆట నియమమూ కాదు. అక్కడ ఆమెను గాయపరిచింది శరీరం గురించిన నిజం కంటే, ఆడది అంటే ఎలా ఉండాలో ముందే రాసిపెట్టుకున్న చూపు.

ఏది శరీరం, ఏది జెండర్ అని తేల్చుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఆ నియమం కాలంతోనో, చోటుతోనో, కులంతోనో మారిందా అని చూడాలి. శరీరాలు మారకుండా నియమం మాత్రం మారితే, అది శరీరం పెట్టిన నియమం కాదు.

తెలుగువాళ్లకు దీనికి కూచిపూడిని మించిన ఉదాహరణ దొరకదు. కృష్ణా జిల్లాలోని ఆ ఊళ్లో తరాల పాటు భామాకలాపం ఆడింది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా తెర వెనక నుంచి జడ ముందుకు వేస్తే ప్రేక్షకులు చూసింది సత్యభామనే. నాటక రంగంలో స్థానం నరసింహారావు కూడా అంతే, ఆయన ఆడవేషానికి 1956లో పద్మశ్రీ వచ్చింది. నడక, ఓరచూపు, అలక, కొంగు సర్దుకునే తీరు, కోపంలోనూ ఒలికే సొగసు, మనం ఆడతనం అనుకునే ప్రతి చిన్న కదలికనూ వాళ్లు సాధనతో నేర్చుకున్నారు. నేర్చుకుంటే వచ్చేది పుట్టుకతో వచ్చేది ఎలా అవుతుంది? ఊళ్లో ఆడపిల్లలు కూడా ఆ నడకనే నేర్చుకున్నారు, కాకపోతే వాళ్ల సాధన మూడో ఏటే మొదలైంది, దానికి గురువులు అమ్మమ్మలూ మేనత్తలూ.

అదే కాలంలో కూచిపూడి ఆడే ఆ బ్రాహ్మణ కుటుంబాల ఆడవాళ్లు వేదికెక్కకూడదు. వెంటనే ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆడది ఆడకూడదన్న ఆ నియమం ఆడవాళ్లందరికీ లేదు. దేవదాసీ కుటుంబాల్లో పుట్టిన స్త్రీలకు ఆడటమే వృత్తి, వాళ్ల ఆటకు గుళ్లూ జమీందారీ కొలువులూ ఎదురుచూసేవి. ఒక కులం స్త్రీకి ఆడటం తప్పు, ఇంకో కులం స్త్రీకి ఆడకపోవడం కుదరదు. రెండు ఇళ్లలోనూ ఉన్నవి ఒకలాంటి శరీరాలే.

వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఆడవాళ్లకు కూచిపూడి నేర్పడం మొదలుపెట్టారు. ఆయన దగ్గర నేర్చుకున్న వెంపటి చినసత్యం మద్రాసు చేరి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడ చేరినవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. నృత్యనాటకాల్లో ఆడపాత్రలు ఆడవాళ్ల చేతికొచ్చాయి. ఇవాళ చెన్నైలో తెలుగు కుటుంబాలు కూచిపూడి క్లాసు అంటే కూతురినే పంపుతాయి. కొడుకు సరదా పడితే, నువ్వు క్రికెట్ కోచింగ్‌కు వెళ్లు నాన్నా అంటారు. ఎవరికీ అందులో వింత కనిపించదు. వందేళ్లు నిండకుండానే మగవాళ్లు తప్ప ఆడకూడని ఆట, మగపిల్లాడు ఆడితే నవ్వే ఆట అయిపోయింది. అప్పుడూ ఇది అనాది నుంచి ఉన్నదే అన్నారు, ఇప్పుడూ అదే అంటున్నారు.

కులం మాట వచ్చింది కాబట్టి చెన్నైలోనే ఇంకొంత దూరం చూడాలి. ఈ నగరం వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది దళితులు, బ్రిటిష్ కాలం నుంచి ఈ పనికి తెలుగు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల వారసులు. 2025 ఆగస్టులో తమ పనిని ప్రైవేటు కాంట్రాక్టుకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ, నగర పాలక సంస్థ కార్యాలయమైన రిప్పన్ భవనం ముందు పారిశుద్ధ్య కార్మికులు రోజుల తరబడి బైఠాయిస్తే, అందులో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తెల్లవారకముందే చీపురు పట్టుకుని బజారున పడే ఈ ఆడవాళ్లకు, ఆడది చీకట్లో బయటికి వెళ్లకూడదన్న నియమం ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్లు సుకుమారులు, బరువులు ఎత్తలేరు అన్నది కూడా చెప్పలేదు. ఆడవాళ్ల గురించి ఘనంగా చెప్పే సూత్రాలు చాలావరకు కొన్ని ఇళ్ల ఆడవాళ్లను చూసి రాసినవే. మిగిలినవాళ్ల దగ్గరకు వచ్చేసరికి ఆ సూత్రాలను నిశ్శబ్దంగా పక్కన పెట్టేస్తారు. ఆడవాళ్లంతా ఒకటే అని మొదలయ్యే జెండర్ చర్చ ఎందుకు తప్పుతోవ పడుతుందో ఇక్కడ తెలుస్తుంది.

డబ్బు చేసే మార్పు ఇంకా ఆసక్తికరమైనది. టి.నగర్ పట్టు దుకాణాల్లో కంచిపట్టు చీర కొంగును తన భుజం మీద వేసుకుని, కుచ్చెళ్లు పట్టి చూపించే సేల్స్‌మన్‌ను చూసి ఎవరూ నవ్వరు. పెళ్లికి 500 మందికి వండే వంట మాస్టరు మగవాడు, ఆంధ్రా మెస్సుల్లో పప్పూ గోంగూరా చేసేది ఎక్కువగా మగవాళ్లే. ఆడవాళ్ల జాకెట్లు కుట్టే టైలర్లలోనూ మగవాళ్లు బోలెడంత మంది. అదే మనిషి ఇంటికొచ్చాక భార్యకు జ్వరం వస్తే అన్నం వండుకోవడం తెలియదంటాడు, ఇంట్లోవాళ్లు కూడా పాపం వాడికి అలవాటు లేదులే అంటారు. వంట ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య అయితే జీతం దగ్గర ఆ విద్య ఎందుకు మగవాడిదైపోతుంది? పని అదే. డబ్బు, పేరు రాని చోట అది ప్రేమ, బాధ్యత, స్త్రీ స్వభావం. డబ్బు వచ్చే చోట వృత్తి.

దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. 2024 సర్వేలో ఇవి 289, 88 అయ్యాయి. స్త్రీల భారం పది నిమిషాలు తగ్గింది, మగవాళ్ల పాలు కూడా దాదాపు అంతే తగ్గింది. మధ్యలో ఉన్న అగాధం అలాగే ఉంది. గర్భం మోయడం, పాలివ్వడం తప్ప ఈ గంటల్లో ఏ పనికీ ఫలానా అవయవమే కావాలన్న నియమం లేదు. అంట్లు తోమడానికి గర్భాశయం అవసరం లేదు.

కొన్నిసార్లు ఆడవాళ్ల స్వభావం అనేదే ఉద్యోగానికి అర్హతగా మారుతుంది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీల్లో హాస్టళ్లలో ఉంటూ పనిచేసే అమ్మాయిలే ఎక్కువ. దేశంలోని ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలలో 40 శాతానికి పైగా తమిళనాడులోనే ఉన్నారు. ఓర్పు ఎక్కువ, వేళ్లు చురుకు, గొడవ చేయరు అని వాళ్ల గురించి చెబుతారు. ఈ ఓర్పు మాట పొగడ్తలా వినిపిస్తుంది గాని, ఒకే కదలికను షిఫ్టంతా చేయించుకోవడానికి అదొక సాకు. ఇంకో దిశలోనూ ఇదే జరిగింది. 1940లలో అమెరికాలో తయారైన ఎనియాక్ కంప్యూటర్‌కు మొదట ప్రోగ్రాములు రాసిన ఆరుగురూ స్త్రీలు. అప్పుడది గుమాస్తా పనిలాంటిదని అనుకున్నారు. దాంట్లో డబ్బూ హోదా ఉన్నాయని తెలిశాక అది మగ బుర్రల పని అయింది.

చట్టాల చరిత్ర చదివితే ప్రకృతి అనుకున్నది ఎన్నిసార్లు ఒక సంతకంతో మారిపోయిందో కనిపిస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకే స్త్రీలతో పని చేయించాలని పెట్టింది. రక్షణ కోసమే అన్నారు. కానీ అన్నేళ్లూ ఆసుపత్రుల్లో నర్సులు రాత్రి డ్యూటీ చేస్తూనే ఉన్నారు, వాళ్ల శరీరాలకు రాత్రి పడదని ఏ చట్టమూ అడ్డుపడలేదు. మద్రాసు హైకోర్టు 2000 సంవత్సరంలో ఆ నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. రాత్రి ప్రమాదం నిజమే అయితే ఆ ప్రమాదం శరీరంలో లేదు, వీధిలోనూ బస్సులోనూ ఉంది. దాన్ని తీసేసే బాధ్యత యజమానిదీ ప్రభుత్వానిదీ.

ఆస్తి సంగతీ అంతే. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వాటా కొడుక్కే అన్నది ధర్మంగా చెలామణి అయింది. ఆంధ్రప్రదేశ్ 1985లో, ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో, కూతురికీ ఆ హక్కు ఇచ్చింది. తమిళనాడు 1989లో ఇచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ రెండు రాష్ట్రాల సవరణల్లోనూ ఒక మెలిక ఉండేది: అప్పటికే పెళ్లైన కూతుళ్లకు ఈ హక్కు వర్తించదు. మెడలో తాళి పడితే శరీరంలో ఏమీ మారదు, తండ్రికి కూతురు కాకుండానూ పోదు, అయినా వాటా పోయింది. 2005 సవరణలో ఆ తేడా లేదు. తండ్రి ఆ సవరణ నాటికి బతికి ఉండకపోయినా కూతురి హక్కు చెల్లుతుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో అక్కచెల్లెళ్లు హక్కు వదులుకుంటూ సంతకాలు పెట్టడం ఆగలేదు. నెల్లూరులోనో ఒంగోలులోనో తండ్రి పోయాక పొలం పంపకం వస్తే, చెన్నైలో కాపురముంటున్న కూతురికి ఫోన్ వస్తుంది, ఒకసారి వచ్చి సంతకం పెట్టి వెళ్లమ్మా అని. కట్నం ఇచ్చాం కదా అంటారు. అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని ఆమెకు తెలుసు, పండక్కి చీర పెట్టే అన్నయ్య మొహం తిప్పుకుంటాడని తెలుసు. చట్టం ఆమె పక్షాన ఉంది, గడప కాదు. చట్టం మార్చలేని ఈ భాగమే జెండర్‌లో అన్నిటికంటే మొండిది, ఎందుకంటే అది శిక్షించేది ప్రేమ తగ్గించి. ఆ సంతకాలను ఆమె ఉదారతగా చెప్పుకోవడం అన్యాయం.

జెండర్ అనగానే ఆడవాళ్ల గొడవ అనుకుని పేజీ తిప్పేసే మగవాళ్లు ఒక లెక్క చూడాలి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,000 మందికి పైగా. వాళ్లలో 70 శాతానికి పైగా మగవాళ్లు. అప్పు, నిరుద్యోగం, పరువు, మందు, ఎన్నో కారణాలు కలిసి ఉంటాయి, ఒక్క కారణానికి కుదించడం తప్పు. కానీ మగపిల్లాడు ఏడవకూడదని, ఇంటికి నువ్వే దిక్కని, ఓడిపోయి ఇంటికి రాకూడదని చిన్నప్పటి నుంచి నూరిపోసిన పాఠం ఆ కారణాలన్నిటికీ కింద పరుచుకుని ఉంటుంది. ఉద్యోగం పోయిన సంగతి నెలల తరబడి ఇంట్లో చెప్పకుండా రోజూ బ్యాగు తగిలించుకుని బయల్దేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఆపుతున్నది టెస్టోస్టిరాన్ కాదు.

శరీరమూ జెండరూ విడదీయలేనంతగా పెనవేసుకునే చోట్లూ ఉన్నాయి. స్త్రీలు పురుషుల కంటే సగటున రెండు మూడేళ్లు ఎక్కువ బతుకుతున్నారు. హార్మోన్ల పాత్ర అందులో కొంత ఉంది. పొగ, మద్యం, ప్రమాదకరమైన పనులు, రోడ్ల మీద దూకుడు కూడా ఉన్నాయి, ఇవన్నీ మగతనం పేరుతో నేర్చుకున్నవి. 2016-17లో జరిగిన పొగాకు సర్వేలో పొగతాగే మగవాళ్లు 19 శాతం, స్త్రీలు 2 శాతం. దీన్ని చూసి పొగ మగవాడి స్వభావం అనుకుంటే ఉత్తరాంధ్ర తీర గ్రామాల వైపు ఒకసారి చూడాలి. అక్కడ చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం పెద్ద వయసు ఆడవాళ్ల అలవాటు. అంగిలి క్యాన్సర్ ఆ అలవాటు వెంటే వాళ్లకూ వచ్చింది. జబ్బు ఎక్కడ పుడుతుందో జీవశాస్త్రం చెబుతుంది, ఎవరి నోట్లో పుడుతుందో ఊరి ఆచారం నిర్ణయిస్తుంది.

ఇక్కడిదాకా వచ్చాక ఒక పొరపాటుకు అవకాశం ఉంది. అయితే అంతా నేర్పడంలోనే ఉందన్నమాట, ఎవరినైనా ఎలాగైనా మలచొచ్చన్నమాట అనిపిస్తుంది. జాన్ మనీ సరిగ్గా అదే నమ్మారు. 1965లో కెనడాలో పుట్టిన కవలల్లో ఒకడికి పసితనంలో సున్తీ చేస్తుండగా అంగం కాలిపోయింది. మనీ సలహాతో ఆ బిడ్డను ఆడపిల్లగా పెంచారు, గౌన్లు వేశారు, హార్మోన్లు ఇచ్చారు. ప్రయోగం ఫలించిందని మనీ రాశారు. ఫలించలేదు. నిజం తెలిసిన పద్నాలుగేళ్ల వయసులో ఆ పిల్ల, మగవాడిగా బతుకుతానని డేవిడ్ రైమర్ అనే పేరు పెట్టుకుంది. అతను 2004లో ఆత్మహత్య చేసుకున్నాడు. సమాజం నేర్పే పాత్ర ఒకటి, శరీరం ఒకటి, ఇవి రెండూ కాక నేనెవరు అని మనిషి లోపల పాతుకుపోయిన ఎరుక ఒకటి ఉంటుందని ఆ జీవితం చెబుతోంది. ఆ ఎరుకను బయటివాళ్లు రాయలేరు, చెరపలేరు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయం అర్థం కావాలంటే ఈ మూడో సంగతి కావాలి. మగపిల్లాడివని ఎంత గట్టిగా నేర్పినా, కొట్టి నేర్పినా, కాదు నేను ఆడదాన్నని లోపల తెలిసిన మనిషి మీద పాఠాలు పనిచేయలేదు. అలాంటివాళ్లను తమిళనాడులో గౌరవంగా తిరునంగై అంటారు. వాళ్ల కోసం 2008లో ప్రభుత్వం సంక్షేమ బోర్డు పెట్టింది, దేశంలో అదే మొదటిది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుబట్టకూడదని తీర్పు ఇచ్చింది. చెన్నైలో పృథికా యాషిని పోలీసు ఎస్సై ఉద్యోగానికి దరఖాస్తు పెడితే ఆమెకు సరిపడే గడి ఫారంలో లేదు. కోర్టుకు వెళ్లి గెలిచి 2017లో ఎస్సై అయ్యారు. 2019లో మదురై బెంచి, హిందూ వివాహ చట్టంలోని వధువు అన్న మాటలో ట్రాన్స్ మహిళ కూడా ఉందని చెప్పింది. ఇంటర్‌సెక్స్ శిశువుల ఆపరేషన్లను తప్పుపట్టింది కూడా ఆ తీర్పులోనే. ఇంటర్‌సెక్స్, ట్రాన్స్‌జెండర్ ఒకటి కావు. మొదటిది శరీరానికి సంబంధించినది, రెండోది ఎరుకకు. మన టీవీ చర్చల్లో ఈ రెంటినీ కలిపేసి ఇద్దరికీ నష్టం చేస్తున్నారు.

రోజువారీ జీవితంలో ఎవరూ ఎవరి క్రోమోజోములనూ చూడరు. 2021 మే నుంచి తమిళనాడు సాధారణ సిటీ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం, తర్వాత ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ వర్తింపజేశారు. కండక్టరు ఆ టికెట్టు ఇచ్చేది చీర, జుట్టు, గొంతు చూసి. వీధిలో గౌరవమూ అవమానమూ ఆ చూపు మీదే ఆధారపడి ఉంటాయి. ఇద్దరూ పనిచేసే ఇంట్లో కూడా తక్కువ జీతం, ఎక్కువ నడక ఆడవాళ్ల పాలే కాబట్టి ఆ ఉచిత టికెట్టుకు అర్థం ఉంది. అది శరీరానికి ఇచ్చిన రాయితీ కాదు, జెండర్ చేసిన నష్టానికి కొంత పరిహారం.

మరి శరీరం లెక్కలోకి రావలసిన చోట? అక్కడ సమానత్వం పేరుతో శరీరాన్ని మర్చిపోవడం కూడా అంతే హాని. రంగనాథన్ స్ట్రీట్ దుకాణాల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే అమ్మాయికి నెలసరి రోజుల్లో టాయిలెట్‌కు వెళ్లే వీలు ఉండాలి. కూర్చునే హక్కు కోసం తమిళనాడు 2021లో దుకాణాల చట్టాన్ని సవరించి సీట్లు ఏర్పాటు చేయాలని చెప్పింది. కూర్చోవడం ఆడా మగా అందరి కాళ్లకూ అవసరం, టాయిలెట్ కొరత మాత్రం ఆడవాళ్ల మూత్రపిండాలను ముందుగా దెబ్బతీస్తుంది. వైద్యంలోనూ, మగవాళ్ల మీద చూసిన మందు మోతాదు, మగవాళ్లలో చూసిన గుండెపోటు లక్షణాలే అందరికీ అనుకోవడం వల్ల స్త్రీల జబ్బు ఆలస్యంగా బయటపడిన సందర్భాలు చాలా ఉన్నాయి.

శరీరాన్నీ జెండర్‌నూ కలిపేస్తే ఎంత చిక్కు వస్తుందో ప్రసూతి సెలవు చట్టం బాగా చూపిస్తుంది. 2017 సవరణతో ఈ సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగినులకైతే 2021 నుంచి ఏడాది. కాన్పు తర్వాత శరీరం కోలుకోవడం, పాలివ్వడం తల్లికే చెందినవి, ఆ వారాలు ఆమెకు తప్పకుండా కావాలి. మిగిలిన వారాల్లో జరిగే స్నానాలు, నిద్రపుచ్చడం, టీకాలకు తీసుకెళ్లడం ఎవరైనా చేయగలిగినవే. చట్టం ఆ రెండు పనులనూ ఒకే ముద్ద చేసి మొత్తం తల్లి ఖాతాలో వేసింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు, ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి ఆ చట్టంలో ఒక్క రోజు కూడా లేదు. సెలవు ఖర్చు చాలాచోట్ల యజమాని మీదే పడుతుంది కాబట్టి, పెళ్లీడు అమ్మాయిని ఇంటర్వ్యూలో చూడగానే అతని మనసులో లెక్క మొదలవుతుంది. ఆమె కోసం తెచ్చిన రక్షణ ఆమెకే అడ్డం తిరుగుతోంది.

అదే సవరణ, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, అక్కడికి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవడానికి స్త్రీని అనుమతించాలని రాసింది. ఆ 50 మంది లెక్కలో మగవాళ్లు కూడా ఉన్నారు. పాలు మాని అన్నం తింటున్న రెండేళ్ల బిడ్డను చూడటానికి తండ్రి ఎన్నిసార్లు వెళ్లొచ్చో ఆ సెక్షన్‌లో లేదు. అందులో తండ్రి అన్న మాటే లేదు.